కిరాయి యింటి వార్ధక్యము

జగిత్యాలనుండి కరీంనగరమునకు పోవు త్రోవలో కొండగట్టున వెలసిన ఆంజనేయస్వామి సన్నిధిని నలువది దినములు సేవించినచో దీర్ఘరోగములు, మనోవ్యాధులు శమించునని ఈ ప్రాంతపు జనుల విశ్వాసము. ఆ విశ్వాసముతో వచ్చి మండపములలో, చెట్లనీడలలో కాలము గడుపువారిని చిన్ననాటినుండి చూచుచునే యున్నాము. గత వేసవిలో అట్టివారి నడుమ కోరుట్లకు చెందిన యొక వృద్ధురాలు మాకు కనబడినది. ఆమె వ్యాధి నయమగుటకై వచ్చినది కాదు. ఏబదియేండ్లు బీడీలు చుట్టి, ఇప్పుడొక కిరాయి గదిలో ఒంటరిగా బ్రదుకుచున్నది. జ్వరముతో వారము దినములు మంచము పట్టగానే ఇంటి యజమానురాలు వచ్చి, కొన్నాళ్లు ఎక్కడికైన పోయి రమ్మన్నదట. "పానం బాగైనంక రమ్మన్నది, కొడుకా. కిరాయి కట్టే వచ్చిన. నెల ఒడిసేదాక అర్ర నాదే గద" అని కొంగున ముడివేసిన తాళపుచెవిని చూపినది.

యజమానురాలి భయమేమో ఈ సీమలో పుట్టినవారికి వివరింప నక్కఱలేదు. ముసలిది తన యింట కన్నుమూయునేమో యన్నదే ఆ భయము. కిరాయియింట ప్రాణము పోరాదని, పోయినను శవమును గడప లోపల ఉంచరాదని మన పట్టణములలో ఒక అలిఖిత శాసనము నడచుచున్నది. కొన యూపిరితో నున్నవారిని ఆసుపత్రినుండి ఇంటికి తేలేక, శ్మశానము చెంత గుడారము వేసి పరుండబెట్టిన వార్తలను తెలంగాణ పత్రికలలో పలుమారులు చదివితిమి. చదివి, అయ్యో యని, పుట త్రిప్పితిమి.

వృద్ధుల ప్రసక్తి రాగానే మన నోట కొడుకుల నిరాదరణయో, వృద్ధాశ్రమమో వచ్చును. సిరిసిల్ల సాంచెల కార్మికుని కథ ఈ రెంటిలోను ఇమడదు. భీవండికి పోయి మరలి వచ్చి, రాత్రింబవళ్లు సాంచెల నడుమ నిలిచి, ఆ చప్పుడునకు చెవులను, నూలుదుమ్మునకు ఊపిరితిత్తులను ధారవోసినవాడు. సొంతయిల్లు కట్టుకొనలేదు. కొడుకు సూరతులోనో మస్కటులోనో ఉండును. పంపిన నెల పంపును, లేని నెల లేదు. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి బీడీ కార్మికురాండ్ర స్థితియు ఇంచుమించు ఇదియే. వీరికి ఆశ్రమము వలదు. ఎందులకు వలదో వారి దినచర్య చూచిన తెలియును. అప్పు వ్రాసికొని సరకులిచ్చు కిరాణా దుకాణము, బిళ్ల ఏ పూట వేసికొనవలెనో చదివి చెప్పు పొరుగింటి పిల్ల, తెల్లవారి తలుపు తెఱవకున్నచో 'అవ్వా' యని కేకవేయు ఎదురింటి కోడలు: వారి ఆస్తి యంతయు ఇదియే. వాడకట్టు దాటినచో ఆ యాస్తియు పోవును.

ప్రభుత్వము ఏమియు చేయలేదని మేమనము. 1995లో కేంద్రము ఆరంభించిన వృద్ధాప్య పింఛను నెలకు 75 రూపాయలు. తెలంగాణ రాష్ట్రము 2014 నవంబరులో 'ఆసరా' పేర వృద్ధులకు, వితంతువులకు, నేత కార్మికులకు 1,000 రూపాయలు ఇచ్చినది. మఱుసటి యేడు బీడీ కార్మికురాండ్రనును చేర్చినది. 2019లో దానిని 2,016 రూపాయలు చేసినది. ఆ సొమ్ము కిరాయికే చాలునా, మందులకే చాలునా యన్నది వేఱు చర్చ. ఇక తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టము 2007లో వచ్చినది. పోషింతునని ఆస్తి వ్రాయించుకొని పోషింపని వారసుని దస్తావేజును ఆ చట్టపు 23వ సెక్షను క్రింద రద్దుపఱుపవచ్చును. మంచి చట్టమే. రద్దుపఱుచుటకు దస్తావేజే లేని ముదుసలి ఆ ట్రిబ్యునలు గడప యెక్కి ఏమని మొరపెట్టుకొనవలెను?

ఇంటి యజమానులను దూషించుట సులభము. కాని కోరుట్ల యజమానురాలును బీడీలు చుట్టినదేనట. భవిష్యనిధి సొమ్ముతో రెండు గదులు వేసి ఒకటి కిరాయి కిచ్చినది. ధనిష్ఠాపంచకములో మరణము సంభవించినదని పురోహితుడు చెప్పెనా, ఇంటికి తాళమువేసి నెలల తరబడి విడువవలెను. ఆ పిమ్మటనైన ఎవరు చేరుదురు? కిరాయి పోవును, ఇంటికి చెడ్డపేరు వచ్చును. ఈ యాచారమున దైవభీతి యెంతయున్నదో నష్టభీతియు అంతయున్నది. మూఢవిశ్వాసమని ఉపన్యసించిన మాత్రమున రెండవది తొలగదు.

జపానులో పంచాంగము వేఱు. భయము మాత్రము ఇదియే. ఒంటరి ముదుసలులు గదిలో మరణింతురేమో యని అక్కడి యజమానులును వారికి ఇండ్లు ఇచ్చుటకు జంకుదురు. వృద్ధులను కాదనని యిండ్లను నమోదుచేయు పద్ధతిని 2017లో ఆ దేశము చట్టమున చేర్చినది. ఇంట సహజమరణము సంభవించిన సంగతిని తరువాత చేరువారికి చెప్పనక్కఱలేదని 2021లో ప్రభుత్వమే మార్గదర్శకములు వెలువరించినది. అంతకు మించినది మఱొకటి కలదు. 1917లో ఒకాయామాలో మొదలైన ఏర్పాటునుండి పెరిగి, జీతము లేని వాడసేవకులు నేటికిని ఒంటరి వృద్ధుల తలుపులు తట్టి యోగక్షేమములు విచారించుచున్నారు. ఎవరి వంతునకు ఏ యిండ్లో నిర్ణయమై యుండును. అంత దూరమేల? కేరళమున మలప్పురము జిల్లాలో ఇరుగుపొరుగువారే శిక్షణపొంది, మంచము పట్టినవారికి ఇంటనే ఉపశమన సేవ చేయుట అలవాటైనది. 2008లో ఆ రాష్ట్రప్రభుత్వము దానికొక విధానమునే ప్రకటించినది.

మన వాడకట్టునకు ఈ శక్తి లేదా? చావు జరిగిన యింట పొయ్యి వెలిగింపరని పొరుగువారే అన్నము వండి తెత్తురు. వినాయక మండపమునకు యువకులు వారములో వేలు పోగుచేయుదురు. వీథి వీథిని చిట్టీలు నడచును. అట్టి చిట్టీనుండియే కొంత తీసి, వృద్ధునకు గదియిచ్చిన యజమానికి, మరణానంతరము గది ఖాళీగా నున్నన్ని నెలల కిరాయి మేము భరింతుమని వీథివారు మాట యిచ్చినచో సగము భయము తీఱును. తలుపు తట్టు వంతును మాత్రము ఎదురింటి కోడలి నెత్తిన మోపరాదు. ఆమెయు చాటముందు కూర్చుండి దినమునకు వేయి బీడీలు చుట్టవలసినదే. కొందఱు దాతలు శ్మశానము ప్రక్క గదులు కట్టింతుమని ముందుకు వచ్చుచున్నారు. శవమునకు నీడ కల్పించుట పుణ్యమే. బ్రదికియున్నవారిని ముందుగనే అక్కడికి చేర్చుటకు అది సాకు కాకుండ చూడవలెను.

ఈ పుట చదువు ఉపాధ్యాయులలో పలువురు గృహఋణముతో మేడ వేసి క్రింది గదులు కిరాయి కిచ్చినవారు. తరగతిలో చంద్రగ్రహణమునకు భూమి నీడయే కారణమని బోధించి, సాయంకాలము గది యడుగవచ్చిన ముదుసలిని "వెంట ఎవరున్నారు?" అని ప్రశ్నించి పంపివేయువారము మనమే. మేమును ఒకప్పుడు ఆ ప్రశ్న వేసినవారమే. విద్యార్థులు మనకంటె మేలు. వేలిముద్ర అరిగి యంత్రమున పడని అవ్వను ఆఫీసునకు తోడ్కొనిపోయి అర్జీ వ్రాసిపెట్టిన పిల్లలను మేమెఱుగుదుము. వారి నెవరును పంపలేదు.

నెల దాటిన పిదప పనిమీద కోరుట్లకు పోయినపుడు ఆ గదిని వెదకి చూచితిమి. తలుపునకు క్రొత్త తాళము, వాకిట చిన్నపిల్లల చెప్పులు. పొరుగువారి నడుగగా, అవ్వ వేములవాడకు పోయినదని ఒకరు, కాదు, ధర్మపురి కని మఱియొకరు చెప్పిరి.