పదో తరగతి పాఠమే.. పరిశ్రమకు పునాది
కమాండ్లు వస్తే చాలదు.. ఆకృతిని మనసులో చూడగలగాలి

దూలపల్లి: దీర్ఘఘనం, స్థూపం, శంకువు, గోళం.. పదో తరగతిలో క్షేత్రమితి చదివిన ప్రతి విద్యార్థికీ సుపరిచితమైన పేర్లివి. పరీక్ష ముగియగానే అటకెక్కే ఆ పాఠమే నేడు యంత్ర భాగాల రూపకల్పనకు ఆయువుపట్టు. కంప్యూటర్‌పై త్రిమితీయ నమూనాలు తయారుచేసే క్యాడ్ సాఫ్ట్‌వేర్ ఎంత ఖరీదైనదైనా దాని పునాది ఈ నాలుగైదు ఆకృతులే. ఒకవైపు ఇంజినీరింగ్ కళాశాలలు, మరోవైపు పారిశ్రామిక షెడ్లు ఉన్న దూలపల్లి ప్రాంతంలో ఆ రెండింటినీ కలపగల వంతెన ఇదే. చదువుకూ కొలువుకూ మధ్య దూరం పెరుగుతున్న తరుణంలో ఈ ప్రాథమిక నైపుణ్యం మరింత ప్రాధాన్యం సంతరించుకుంటోంది.

రెండు మార్పులు.. ఒకటే ప్రశ్న

మెకానికల్ వంటి శాఖల్లో సీట్లు కుదించి కంప్యూటర్ సైన్స్, కృత్రిమ మేధ కోర్సులను పెంచుకునే ధోరణి రాష్ట్రంలోని ప్రైవేటు కళాశాలల్లో కొన్నేళ్లుగా సాగుతోంది. మరోపక్క 2025 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం హిల్ట్ పేరిట తెచ్చిన పారిశ్రామిక భూముల పరివర్తన విధానం, జీడిమెట్ల, బాలానగర్ వంటి పాత పారిశ్రామికవాడల భూములను నివాస, వాణిజ్య అవసరాలకు మార్చుకునేందుకు దారి తెరిచింది. పరిశ్రమలను బాహ్యవలయ రహదారి ఆవలకు తరలించాలన్నది దాని ఉద్దేశం. విధానంపై రాజకీయ వాదోపవాదాలు ఎలా ఉన్నా, షెడ్డు తరలితే దానిని నమ్ముకున్న కార్మికుడి బతుకూ తరలక తప్పదు. లేత్ యంత్రం ఎక్కడుంటే అక్కడికే టర్నర్ వెళ్లాలి. నమూనా గీసేవాడికి ఆ నిర్బంధం తక్కువ. ఫైలు ఇక్కడ తయారై, జాబ్ మరోచోట రూపుదిద్దుకోవచ్చు. స్థానిక యువత ఈ విద్య వైపు చూడవలసిన కారణం ఇక్కడే ఉంది.

కూడిక.. తీసివేత.. ఉమ్మడి భాగం

ఘనాకృతుల నమూనా అంటే బ్రహ్మవిద్య కాదు. ఒక ఆకృతికి మరొకటి కలపడం, ఒకదానిలోంచి మరొకటి తొలగించడం, రెండింటికీ ఉమ్మడిగా ఉన్న భాగాన్ని మాత్రమే మిగల్చడం.. ప్రధాన ప్రక్రియలు ఈ మూడే. పదో తరగతి సమితుల పాఠంలోని సమ్మేళనం, భేదం, ఛేదనం అన్న మాటలకు ఇవి అచ్చమైన రూపాలు. చదునైన గీతను పైకి సాగదీసి మందం కల్పించడం, అక్షం చుట్టూ తిప్పి కుమ్మరి సారె మీది కుండలా గుండ్రని రూపం తేవడం వీటికి తోడైన మరో రెండు మార్గాలు.

ఈ గణితాన్ని కంప్యూటర్‌కు నేర్పే ప్రయత్నాలు 1970 దశకంలో ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్, అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయాల్లో ఊపందుకున్నాయి. 1982లో ఆటోక్యాడ్, 1995లో సాలిడ్‌వర్క్స్ రావడంతో ఈ విద్య చిన్న కార్ఖానాల మేజాబల్లల వరకూ చేరింది.

ఒక ఫ్లాంజ్ లెక్క

పైపులను బిగించే ఫ్లాంజ్‌నే తీసుకుందాం. వెలుపలి వ్యాసం 100 మి.మీ., మందం 20 మి.మీ., నడుమ 40 మి.మీ. రంధ్రం, దాని చుట్టూ 70 మి.మీ. వ్యాసం గల వృత్తంపై 10 మి.మీ. బోల్టు రంధ్రాలు నాలుగు. కంప్యూటర్‌లో ఇది ఒక పెద్ద స్థూపంలోంచి ఐదు చిన్న స్థూపాల తీసివేత మాత్రమే. క్షేత్రమితి సూత్రం ప్రకారం మిగిలే ఘనపరిమాణం 125.66 ఘన సెం.మీ. ఉక్కు సాంద్రత 7.85తో గుణిస్తే బరువు సుమారు 986 గ్రాములు. రంధ్రాలు లేని దిమ్మె బరువు 1,233 గ్రాములు. అంటే దాదాపు 247 గ్రాముల ఉక్కు తుక్కుగా పోతుంది. ధర కట్టేందుకు షెడ్డు యజమానికి కావలసిన అంకెలు ఇవే.

పొరపాటు ఎక్కడ?

కార్ఖానా డ్రాయింగ్‌లో గుండ్రని భాగానికి సాధారణంగా వ్యాసం రాస్తారు. ఆటోక్యాడ్‌లో స్థూపం గీయబోతే ముందుగా అడిగేది వ్యాసార్ధాన్ని. కొత్త విద్యార్థి నడిమి రంధ్రానికి 40 అని కొడితే అది 40 మి.మీ.కు బదులు 80 మి.మీ. రంధ్రమై కూర్చుంటుంది. నాలుగు బోల్టు రంధ్రాలూ అందులోనే కలిసిపోతాయి. తెరపై బొమ్మ మాత్రం చక్కగానే కనిపిస్తుంది. అదే ఫైలు సీఎన్‌సీ యంత్రానికి చేరితే ఉక్కు, కరెంటు, కూలి.. అన్నీ వృథా.

ఈ తప్పును పట్టుకునే ఉపాయం కూడా ఆ పదో తరగతి పాఠంలోనే ఉంది. నమూనా ఘనపరిమాణం ఎంతో సాఫ్ట్‌వేర్‌నే అడగవచ్చు. రావలసింది 125.66 కాగా 56.55 అని చూపితే ఎక్కడో పొరపాటు జరిగినట్లే. కంప్యూటర్ చెప్పినది కాగితంపై సరిచూసుకోగలవాడే అసలైన డిజైనర్. కమాండ్లు వల్లెవేసినంత మాత్రాన ఆ చూపు అలవడదు.

బాలానగర్ బాట

ఇంజినీరింగ్ నైపుణ్యానికి ఈ ప్రాంతం కొత్తది కాదు. బాలానగర్‌లోని కేంద్రీయ పనిముట్ల రూపకల్పన సంస్థ సీఐటీడీని కేంద్ర ప్రభుత్వం ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం సాయంతో 1968లో నెలకొల్పింది. 1991లో బి.వి.ఆర్.మోహన్‌రెడ్డి హైదరాబాద్‌లో స్థాపించిన ఇన్ఫోటెక్ ఎంటర్‌ప్రైజెస్, నేటి సయెంట్, ఇంజినీరింగ్ డిజైన్ సేవలతోనే అంతర్జాతీయ సంస్థగా ఎదిగింది. 2023 మార్చిలో రాయదుర్గంలో ప్రారంభమైన టీ-వర్క్స్ నమూనాలను వస్తువులుగా మలచుకునేందుకు వేదికైంది. సొంత గడ్డపై ఇన్ని దారులున్నా గ్రామీణ విద్యార్థి తొలి అడుగు వద్దే ఆగిపోతున్నాడు.

భాషే అడ్డంకి

తెలుగు మాధ్యమంలో చదివిన విద్యార్థికి స్థూపం తెలుసు, వ్యాసార్ధం తెలుసు, సమ్మేళనం తెలుసు. ఇంగ్లిషు తెర ఎదుట కూర్చోగానే తెలిసినదంతా తెలియనిదిగా తోస్తుంది. ఆ మాటకు ఈ మాట అని జతకూర్చి చెప్పే గురువు దొరికితే భయం సగం తీరినట్లే. ఖర్చు కూడా ఇప్పుడు పెద్ద అవరోధం కాదు. ఉచితంగా లభించే ఫ్రీక్యాడ్ సాఫ్ట్‌వేర్ 1.0 వెర్షన్ 2024 నవంబరులో విడుదలైంది. ప్రాథమిక ఆకృతులు గీసేందుకు సాధారణ కంప్యూటర్ చాలు. అదీ లేనిచోట సబ్బుబిళ్లను కోసి, రంధ్రం చేసి, పైనుంచి, ముందునుంచి, పక్కనుంచి ఎలా కనిపిస్తుందో కాగితంపై గీయించినా చూపు అలవడుతుంది.

పదో తరగతితోనే చేరదగిన ఐటీఐ డ్రాఫ్ట్స్‌మన్ మెకానికల్ కోర్సు రెండేళ్లలో పూర్తవుతుంది. ఉన్నత పాఠశాలల్లో క్షేత్రమితి చెప్పే రోజునే విద్యార్థులను ఒక్కసారి లేత్ యంత్రం వద్దకు తీసుకెళ్లినా, కళాశాలలు తమ ప్రయోగశాలలను సెలవు దినాల్లో సమీప పాఠశాలలకు తెరిచినా అదనపు వ్యయం స్వల్పమే. కళాశాల గేటుకూ కార్ఖానా షెడ్డుకూ మధ్య దూరం ఇక్కడ కొద్ది కిలోమీటర్లే. షెడ్లు తరలిపోక ముందే ఆ దూరాన్ని చెరిపివేయవలసిన బాధ్యత విద్యాసంస్థలది, పరిశ్రమలది, ప్రభుత్వానిది.