కొలిచి చెప్పడానికి సిగ్గెందుకు?

మా వదినకి బ్లడ్ క్యాన్సర్. మా వారే మూలకణాలిచ్చారు. ఇంటికొచ్చాక విరేచనాలు మొదలైతే, "వేడి చేసిందిలే" అని మజ్జిగ తాగుతూ, సిగ్గుతో రెండు రోజులు దాచింది. తీరా చూస్తే తమ్ముడి కణాలే అక్క పేగుల్ని పరాయివనుకుని దాడి చేస్తున్నాయట! స్టెరాయిడ్లతో తగ్గింది. కానీ చూడొచ్చినవాళ్ళు "రక్తం పడలేదు" అంటుంటే ఆయన ముఖం చూడలేకపోయాను. ఇచ్చినవాళ్ళ తప్పేముందండీ ఇందులో?

దీనికి వంటింటి వైద్యం పనికిరాదు. ఇన్ఫెక్షనో, ఇదో పరీక్షల్లోనే తేలుతుంది. అర లీటరా, లీటరా అన్నదాన్ని బట్టే డాక్టర్లు తీవ్రత లెక్కేస్తారు. అందుకే ఎన్నిసార్లు, ఎంత అన్నది రాసుకుని ఆ రోజే చెప్పాలి. గ్లాసు బియ్యానికి ఎసరు కొలిచే మనకి ఇదో లెక్కా?