పాతవాళ్లు వెళ్లిపోయినందుకు కాదు

వికీపీడియాలో ఏళ్ల తరబడి రాసినవాళ్లు ఒక్కొక్కరే తప్పుకుంటుంటే, మిగిలినవాళ్ల నోట ఒకటే మాట: "పాతవాళ్లు పోయారు, ఇక దీని పని అయిపోయినట్టే." దాని వెనకాలే ఇంకో మాట వస్తుంది: "కొత్తగా వచ్చేవాళ్లకు ఓపిక లేదు, పద్ధతులు చదవరు, మూలాలు ఇవ్వరు." ఈ రెండూ తప్పనే నేనంటాను. ఒట్టి తప్పు మాటలైతే ఊరుకోవచ్చు. కానీ వీటిని నమ్మినవాళ్లు చేయాల్సిన పని చేయకుండా దిగులుపడుతూ కూర్చుంటున్నారు. అందుకే ఈ తగువు.

ఈ నమ్మకానికి బలం ఇచ్చింది 2009 నాటి ఒక లెక్క. స్పెయిన్ పరిశోధకుడు ఫెలిపె ఒర్టెగా, ఆ ఏడాది మొదటి మూడు నెలల్లోనే ఇంగ్లీషు వికీపీడియా 49,000 మందికి పైగా రచయితలను పోగొట్టుకుందని తేల్చారు. పత్రికలు దాన్ని పెద్ద వార్త చేశాయి. వికీపీడియాను నడిపే వికీమీడియా ఫౌండేషన్ ఆ లెక్కకట్టిన పద్ధతిని ఒప్పుకోలేదు. అయినా "జనం వదిలేసి పోతున్నారు" అన్న కథ మాత్రం జనం మనసులో నాటుకుపోయింది.

పాతవాళ్లు పోతేనే ఇలాంటి సమాజం కూలిపోయేటట్టయితే వికీపీడియా 2002లోనే కూలిపోవాలి. మొదలుపెట్టిన ఇద్దరిలో ఒకరైన లారీ శాంగర్ ఆ ఏడాది మార్చిలో తప్పుకున్నారు. అప్పటికి దాని వయసు ఏడాది పైచిలుకు. అది విపరీతంగా పెరిగిందంతా ఆ తర్వాతే. స్పానిష్ వికీపీడియాది ఇంతకంటే పెద్ద పరీక్ష. ప్రకటనలు పెడతారేమోనన్న అనుమానంతో 2002 ఫిబ్రవరిలో అక్కడ రాసేవాళ్లలో ఎక్కువమంది మూకుమ్మడిగా బయటికి నడిచారు. సెవిల్ విశ్వవిద్యాలయం సర్వర్ మీద 'ఎన్‌సిక్లోపీడియా లిబ్రె' పేరుతో వేరు కాపురం పెట్టుకున్నారు. పాతవాళ్లూ వాళ్ల అనుభవమూ అటు వెళ్తే, ఇటు మిగిలింది దాదాపు ఖాళీ ఇల్లు. కొన్నాళ్లు అది కదలకుండా పడి ఉన్న మాట నిజమే. కానీ 2004కల్లా విడిపోయినవాళ్ల విజ్ఞాన సర్వస్వాన్ని దాటేసింది. దాటించింది కొత్తవాళ్లు.

మరి 2007 తర్వాత ఇంగ్లీషు వికీలో రాసేవాళ్లు ఎందుకు తగ్గారు? అప్పటికి అక్కడ నెలకు కనీసం ఐదు దిద్దుబాట్లు చేసేవాళ్లు 51,000 మంది దాకా ఉండేవారు. 2013 నాటికి వాళ్లు సుమారు 31,000కి పడిపోయారు. ఈ పతనం ఎక్కడ మొదలైందో ఫౌండేషన్ 2011లో లెక్క తీసింది. 2005కు ముందు చేరినవాళ్లలో నూటికి దాదాపు నలభై మంది ఏడాది తర్వాత కూడా రాస్తూనే ఉన్నారు. 2007 తర్వాత చేరినవాళ్లలో అలా నిలిచింది నూటికి పన్నెండు, పదిహేను మందే. ఏ సంస్థనుంచైనా మనుషులు వెళ్లిపోతూనే ఉంటారు. చదువులు, ఉద్యోగాలు, పిల్లలు, కళ్లజోడు, ఎవరి కారణాలు వాళ్లవి. ఇక్కడ జరిగింది వేరు, ఖాళీ అయిన చోట్లోకి వచ్చినవాళ్లు కాలు నిలుపుకోలేకపోయారు.

కొత్తవాళ్లే నాసిరకం అంటారా? పరిశోధకుడు ఏరన్ హాఫేకర్, అతని సహచరులు 2013లో ప్రచురించిన అధ్యయనం దీన్ని సూటిగా పరీక్షించింది. మంచి ఉద్దేశంతో వచ్చే కొత్తవాళ్ల వాటా ఆ ఏళ్లలో చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. పెరిగిందల్లా వాళ్ల పనిని కొట్టిపారేయడం. దుశ్చర్యలు వరదలా వచ్చిపడుతుంటే తట్టుకోవడానికి అనుభవజ్ఞులు హగల్ లాంటి పరికరాలు, వాటంతటవే దిద్దుబాట్లు చేసే బాట్లు తయారు చేసుకున్నారు. ఆ పరికరాలు అవసరమైనవే, చేసినవాళ్ల మీద నాకు గౌరవం ఉంది. కానీ అదే వేగంతో అమాయకుల పనీ చెరిగిపోయింది. నియమాలు కూడా కొత్తవాళ్ల మాటకు చోటు లేనంతగా బిగుసుకున్నాయి. ఇదంతా జరిగింది పాతవాళ్లు ఉండగా, వాళ్ల చేతుల మీదుగానే.

తెలుగు వికీనే తీసుకోండి. వెన్న నాగార్జున 2003 డిసెంబరులో మొదలుపెట్టిన ఈ వికీలో ఇప్పుడు లక్షకు పైగా వ్యాసాలున్నాయి. అందులో వేలాది ఊళ్ల పేజీల్లో ఉన్నవి 2011 జనాభా లెక్కల నుంచి తెచ్చిన అంకెలే. ఒక డిగ్రీ కుర్రాడు తన ఊరి పేజీ తెరిచి మూడు వాక్యాలు రాస్తాడు అనుకుందాం. పెద్ద చెరువు కింద ఎన్ని ఎకరాలు పారతాయో ఒకటి, చెరువు గట్టు మీద పోతురాజు గుడి గురించి ఒకటి, "మా ఊరు చాలా మంచి ఊరు" అని ఒకటి. మూలం లేదు కాబట్టి మూడూ ఒక్క నొక్కుతో పోతాయి. అతని చర్చ పేజీలో ఒక మూస, అంటే ముందే రాసి ఉంచిన సందేశం, పడుతుంది. చర్చ పేజీ ఒకటి ఉంటుందనే ఆ అబ్బాయికి తెలియదు. మర్నాడు వచ్చి చూసుకుంటే తను రాసింది లేదు, అంతే. మూడో వాక్యం మాత్రం తీసేసి, మొదటి రెంటికీ మూలం కావాలని గుర్తు పెట్టి, "చెరువు ఫొటో ఒకటి తీసి పెట్టగలరా తమ్ముడూ?" అని రాస్తే ఏం పోయింది? ఆ ఊరి చెరువు గురించి రాయగలవాడు అతనే, మనం కాదు.

చిన్న వికీలో ఒక్కరు మానేసినా దెబ్బే అంటారు. బాట్లు నడిపేవారు, మూసల లోగుట్టు తెలిసినవారు వెళ్లిపోతే ఆ పని నిజంగానే ఆగుతుంది. ఆ నష్టాన్ని నేను కాదనను. కానీ అన్నేళ్లలో ఆ విద్య ఇంకొకరికి అందకపోతే, తప్పు వెళ్లడంలో ఉందా, నేర్పకపోవడంలో ఉందా?

నేర్పితే నిలుస్తారనడానికి రుజువు కూడా ఉంది. 2012లో ఇంగ్లీషు వికీలో 'టీహౌస్' తెరిచారు. కొత్తవాళ్లు ఏ ప్రశ్నైనా అడగొచ్చు, అనుభవమున్నవాళ్లు మర్యాదగా జవాబిస్తారు. అక్కడికి ఆహ్వానం అందుకున్నవాళ్లు, అందనివాళ్లకంటే ఎక్కువగా నిలిచారని తర్వాతి పరిశోధనలో తేలింది. తెలుగు వికీలో నిర్వాహకులుగా ఉన్నవాళ్లను నేను అడిగేది ఇంతే: 'ఇటీవలి మార్పులు' పేజీ తెరిచినప్పుడు, మొదటిసారి రాసినవాళ్ల దిద్దుబాటును రద్దు చేసేముందు వాళ్లకు రెండు వాక్యాలు సొంతంగా రాయండి.