మన గొడుగు ఎగిరితే?

ఈ వారం మా ఇంటి రహస్యం ఒకటి చెప్పేస్తున్నా. నేనూ మా ఆవిడా స్పెయిన్ వాళ్ళ లాంజరోటే దీవికి టూరు వేస్తున్నాం. కారణం సినిమాయే! అల్మొడోవార్ 2009లో తీసిన 'బ్రోకెన్ ఎంబ్రేసెస్' చూశాక, పెనెలోపీ క్రుజ్ మీద కన్నా అందులోని ఫమారా బీచ్ మీద మనసు పారేసుకున్నాను.

జూలైకి ముహూర్తం పెట్టేశాను. "రెండేళ్ళు కూడబెట్టిన డబ్బండీ, అక్కడి గాలి సంగతి కనుక్కున్నారా?" అంది మా ఆవిడ. కనుక్కుంటే నా నోరు మూతపడింది. వేసవిలో అక్కడ వ్యాపార పవనాలు మహా జోరు. ఉత్తరం వైపు తెరుచుకున్న ఫమారాలో సర్ఫింగు కుర్రాళ్ళకి పండగ, ఈత రాని నాబోటిగాళ్ళకి ఇసుక స్నానం!

1730 నుంచి 1736 దాకా అగ్నిపర్వతాలు బద్దలై అక్కడి పొలాలు బూడిదలో పూడిపోయాయి. లా హెరియా రైతులు ఆ నల్ల బూడిదలోనే గుంటలు తవ్వి, ద్రాక్ష నాటి, గాలికి అడ్డంగా అర్ధచంద్రాకారంలో రాళ్ళు పేర్చారు. గాలితో పోట్లాడలేదు, చాటు చూసుకున్నారు. మేమూ అంతే! ప్రయాణం అక్టోబరుకి మార్చాం. బస దక్షిణాన, కొండచరియల చాటునున్న పపగాయో బీచ్‌ల దగ్గర. ఫమారాకి ఒక్క రోజే.

తెరమీద గాలికి హీరోయిన్ కురులు ఎగిరితే అందం. మన గొడుగు ఎగిరితే? టిక్కెట్టు కొనేముందు కాస్త ఆలోచించండి మరి!