ఫైలు పేరులో ఒక ఖాళీ

గత కొన్ని సంచికలుగా ఈ శీర్షికలో లినక్స్ వ్యవస్థలోని భాగాలను ఒక్కొక్కటిగా పరిచయం చేసుకుంటున్నాం. ఈసారి తీసుకున్న విషయం మొదటి చూపుకు అల్పంగా తోచవచ్చు. అది ఫైలుకు పేరు పెట్టడం. ఒక ఫైలుకు 'జూలై నివేదిక' అని పేరు పెట్టామనుకుందాం. చదివే మనిషికి అది ఒకే పేరు. కాని కంప్యూటరులోని కొన్ని భాగాలకు అది ఒకటిగానూ, మరికొన్నిటికి 'జూలై' ఒకటి, 'నివేదిక' ఒకటి, వెరసి రెండుగానూ కనబడుతుంది. ఈ భేదం వల్ల ప్రతిరాత్రీ తీసే బ్యాకప్‌లో ఆ ఫైలు చేరకుండా పోవచ్చు. 'జూలై' అనే ఫైలు లేదన్న ఫిర్యాదు ఎవరూ చదవని ఒక లాగ్ ఫైలులో నమోదవుతూ ఉంటుంది. డిస్కు చెడిపోయిన రోజున గాని ఆ సంగతి బయటపడదు.

దీని మూలం యూనిక్స్ పుట్టుకలోనే ఉంది. 1969లో బెల్ లాబొరేటరీస్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ ప్రభృతులు ప్రారంభించిన ఆ వ్యవస్థలో ఫైలు పేరంటే కేవలం కొన్ని బైట్ల వరుస. అందులో రెండే రెండు బైట్లు నిషిద్ధం. ఒకటి డైరెక్టరీలను వేరుచేసే స్లాష్ గుర్తు, రెండవది పేరు ముగిసిందని తెలిపే శూన్య బైటు. తక్కినవన్నీ చెల్లుతాయి. ఖాళీ, నక్షత్రం గుర్తు, ప్రశ్నార్థకం, కొటేషన్ గుర్తు, చివరకు కొత్త పంక్తి మొదలుపెట్టే ఎంటర్ గుర్తు సైతం పేరులో ఉండవచ్చు. తొలి రోజుల్లో పేరుకు 14 బైట్ల పరిమితి ఉండేది. 1983లో బర్క్‌లీ యూనిక్స్ దానిని 255కు పెంచింది. నేటి లినక్స్‌లోనూ సాధారణంగా అదే పరిమితి. విండోస్ మార్గం వేరు. అక్కడ స్లాష్‌తో కలిపి తొమ్మిది గుర్తులను పేరులోకి రానివ్వరు.

కెర్నెల్ ఇంత ఉదారంగా ఉన్నా, దాని ముందు కూర్చుని మన ఆజ్ఞలను స్వీకరించే షెల్ అలాంటిది కాదు. దానికి ఖాళీ అంటే ఒక పదం ముగిసిందనే అర్థం. నక్షత్రం గుర్తు కనబడితే 'ఇక్కడి ఫైళ్లన్నీ' అని విస్తరించుకుంటుంది. పేరును కొటేషన్ గుర్తుల మధ్య ఉంచితే ఈ రెండు పనులూ మానుకుంటుంది. స్క్రిప్టు రాసేవారు తమ ఫైళ్ల పేర్లలో ఖాళీ లేదు గనుక కొటేషన్లు అనవసరమనుకుంటారు. ఆ స్క్రిప్టు వేరొకరి యంత్రం మీద నడిచే రోజు వస్తుంది.

అలాంటి రోజు 2001 నవంబరులో వచ్చింది. యాపిల్ సంస్థ తన మ్యాక్ కంప్యూటర్ల కోసం ఐట్యూన్స్ 2.0 విడుదల చేసింది. దానిని స్థాపించే స్క్రిప్టులో పాత ప్రతిని తుడిచివేసే ఆజ్ఞ ఒకటి ఉంది. అందులో డిస్కు పేరు చుట్టూ కొటేషన్లు లేవు. డిస్కు పేరులో ఖాళీ ఉన్న కొందరి యంత్రాలలో ఆ ఆజ్ఞ పాత ఐట్యూన్స్‌ను విడిచిపెట్టి మరొక డిస్కు భాగంలోని సమాచారాన్ని తుడిచివేసింది. సంస్థ దానిని వెంటనే ఉపసంహరించి 2.0.1 విడుదల చేసింది. 2011లో బంబుల్‌బీ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌లో దీనికి తోబుట్టువు వంటి ఉదంతం జరిగింది. తుడిచివేయవలసిన డైరెక్టరీ దారి మధ్యలో పొరపాటున ఒక ఖాళీ పడింది. ఒక దారి రెండయి, మొదటి భాగం వ్యవస్థలోని ప్రోగ్రాములలో అధికభాగం ఉండే డైరెక్టరీ అయి కూర్చుంది. ఒక్క ఖాళీకి ఇంత శక్తి ఉంటుందా అని ఆశ్చర్యపోనక్కరలేదు. తుడిచివేసే ఆజ్ఞ మళ్లీ అడగదు.

హైఫన్‌తో మొదలయ్యే పేర్ల సంగతి మరీ విచిత్రం. యూనిక్స్ ఆజ్ఞలలో చాలావరకు హైఫన్‌తో మొదలయ్యే మాటను ఆప్షన్‌గా భావిస్తాయి. నక్షత్రం గుర్తు విస్తరించినప్పుడు అటువంటి పేరు గల ఫైలు తగిలితే, ఆ పేరే ఆజ్ఞకు ఆప్షన్ అవుతుంది. ఇక్కడ కొటేషన్ గుర్తులు కాపాడవు. షెల్ వాటిని తీసివేసిన తరువాతనే ప్రోగ్రాముకు పేరు అందుతుంది. ఆప్షన్లు ముగిశాయని తెలిపే జంట హైఫన్‌ను ముందుంచాలి. లేదా పేరుకు ముందు ఒక చుక్క, ఒక స్లాష్ చేర్చాలి.

ఇక అసలు చిక్కు పేర్ల పట్టికను ఒక ప్రోగ్రాము మరొకదానికి అందించేటప్పుడు వస్తుంది. పాత ఫైళ్లను 'ఫైండ్' వెతుకుతుంది. ఆ పట్టికను 'ఎక్స్ఆర్గ్స్' అందుకుని తుడిచివేసే ఆజ్ఞకు చేరవేస్తుంది. తాత్కాలిక ఫైళ్ల డైరెక్టరీని రాత్రివేళ శుభ్రం చేయడానికి చాలాచోట్ల ఈ జంటనే వాడేవారు. ఆ డైరెక్టరీలో ఎవరైనా రాయవచ్చు. దుర్బుద్ధి గల వాడుకరి ఒకడు అక్కడ 'పాత' అనే డైరెక్టరీని సృష్టించి, ఆ పేరు చివర కొత్త పంక్తి గుర్తు ఉంచాడనుకుందాం. దాని లోపల 'ఈటీసీ' అనే డైరెక్టరీని, అందులో 'పాస్‌వర్డ్' అనే ఫైలును పెట్టాడు. పేరులో స్లాష్ చెల్లదన్న నియమాన్ని అతడు ఉల్లంఘించలేదు. కాని ఫైండ్ ఆ ఫైలు పూర్తి దారిని ముద్రించినప్పుడు అది రెండు పంక్తులుగా వస్తుంది. మొదటిది '/టీఎంపీ/పాత', రెండవది '/ఈటీసీ/పాస్‌వర్డ్'. ఆ రెండవ పంక్తి వ్యవస్థలోని వాడుకరుల ఖాతాలుండే అసలు ఫైలు చిరునామా! సర్వాధికారాలతో నడిచే ఆ శుభ్రతా కార్యక్రమం దానిని తుడిచివేస్తుంది. దాడి చేసినవాడు ఏ తాళమూ పగులగొట్టలేదు, ఒక డైరెక్టరీకి పేరు పెట్టాడు, అంతే.

దీనికి విరుగుడు యూనిక్స్ మొదటి నియమంలోనే దొరికింది. పేరులో ఎన్నటికీ రాలేనిది శూన్య బైటు. కనుక పేర్లను వేరుచేయడానికి దానినే వాడితే సందిగ్ధానికి తావుండదు. గ్నూ సంస్థ వారి ఫైండ్, ఎక్స్ఆర్గ్స్‌లలో ఇందుకు తగిన ఆప్షన్లు దశాబ్దాలుగా ఉన్నాయి. పోసిక్స్ ప్రమాణంలో మాత్రం అవి 2024 సంచికలోనే చోటుచేసుకున్నాయి. కొత్త పంక్తి గుర్తుతో పేరు సృష్టించబోతే నిరాకరించమని కూడా ఆ సంచిక ప్రోత్సహిస్తున్నది. ఇంత తేలికైన మందు ప్రమాణంలోకి రావడానికి అంతకాలం పట్టడం నా దృష్టిలో సమర్థనీయం కాదు.

వ్యవస్థను నడిపే ఇతర సాఫ్ట్‌వేర్‌లు తమతమ ఉపాయాలు చేసుకున్నాయి. డిస్కుల పట్టిక అయిన ఎఫ్‌స్టాబ్‌లో గడులను వేరుచేసేది ఖాళీయే కనుక, దారిలో ఉన్న ఖాళీని \040 అని రాయాలి. ఖాళీ సంకేత సంఖ్య 32. దానిని ఎనిమిది ఆధారంగా గల లెక్కలో రాస్తే 40. సిస్టమ్‌డి తన యూనిట్ల పేర్లలో స్లాష్‌ను హైఫన్‌గా మారుస్తుంది, అసలు హైఫన్‌ను సంకేత సంఖ్యతో రాస్తుంది. 2016లో గ్నూ 'ఎల్ఎస్' ఖాళీలున్న పేర్లను తెరమీద కొటేషన్లలో చూపడం ఆరంభించింది. అలవాటు చెడిందని కొందరు గట్టిగానే కోప్పడ్డారు. నాకైతే ఆ మార్పు నచ్చింది.

ఇన్ని తిప్పలు పడే బదులు ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, చుక్క, అండర్‌స్కోర్, హైఫన్ తప్ప తక్కినవి నిషేధించరాదా అని పాఠకులు అడగవచ్చు. పోసిక్స్ ప్రమాణం ఎక్కడైనా చెల్లే పేర్లకు సూచించిన అక్షరాలు ఇవే. స్క్రిప్టులు సృష్టించే ఫైళ్లకు నేనూ అదే సలహా ఇస్తాను. అయితే కెర్నెల్‌లోనే ఆ నిషేధం ఉండి ఉంటే, నేడు మనం తెలుగులో ఫైలుకు పేరు పెట్టుకోగలిగేవాళ్లం కాము. 1992 సెప్టెంబరులో థాంప్సన్, రాబ్ పైక్ కలిసి రూపొందించిన యూటీఎఫ్-8 సంకేత పద్ధతిలో ఇంగ్లీషేతర అక్షరాల బైట్లన్నీ 128 లేదా అంతకు పైబడినవే. స్లాష్ సంఖ్య 47, శూన్య బైటు సంఖ్య 0. కాబట్టి ఏ తెలుగు అక్షరంలోనూ నిషిద్ధమైన ఆ రెండు బైట్లు తగలవు. తెలుగు ఒకటుందని తెలియని కెర్నెల్ కూడా తెలుగు పేరును చెక్కుచెదరకుండా భద్రపరుస్తుంది.

ఆ సౌకర్యానికి కొంత మూల్యం ఉంది. తెలుగులో హల్లు, గుణింతపు గుర్తు, పొల్లు ఒక్కొక్కటి మూడేసి బైట్లు. 'శ్రీ' అన్నదానికే 12 బైట్లు. ఆ లెక్కన 255 బైట్లలో ఇవి 85 మాత్రమే పడతాయి. పెద్ద పేర్లు పెట్టే అలవాటున్నవారు ఇది గమనించాలి. మరొక చిక్కు మన ఉదాహరణలోని 'జూలై'లోనే ఉంది. ఐత్వాన్ని యూనికోడ్‌లో రెండు విధాలుగా రాయవచ్చు. ఒకే గుర్తుగా ఒకటి, ఎత్వమూ దానికింద చేరే గుర్తూ వేరువేరుగా మరొకటి. తెరమీద తేడా కనబడదు. మొదటి పద్ధతిలో 'జూలై నివేదిక' 34 బైట్లు, రెండవ పద్ధతిలో 37. మ్యాక్ కంప్యూటర్లలో 2017 వరకు ప్రధానంగా వాడిన డిస్కు అమరిక పేర్లను విడదీసి దాచేది. అక్కడినుంచి లినక్స్‌కు తెచ్చిన ఫైలును ఇక్కడ టైపు చేసిన పేరుతో వెతికితే దొరకకపోవచ్చు. ఒకే డైరెక్టరీలో చూపుకు ఒకే పేరుతో రెండు ఫైళ్లు ఉండనూవచ్చు. 'సాఫ్ట్‌వేర్' వంటి మాటల్లో వత్తు పడకుండా ఉంచే కనబడని గుర్తు కూడా ఇదే గందరగోళం చేస్తుంది. ఇంట్లో పిల్లల ఫొటోలను తెలుగు పేర్లతో దాచుకునేవారు వాటిని ఒక యంత్రం నుండి మరొకదానికి మార్చేటప్పుడు, పేరు టైపు చేయకుండా పట్టికలో ఫైలునే ఎంచుకోవడం క్షేమం.

మన సంస్థలోని యువ ఇంజినీర్లలో గిట్ వాడేవారు చాలామంది ఉన్నారు. తెలుగు పేరున్న ఫైలును అది \340\260 వంటి అంకెల గొలుసుగా చూపినప్పుడు ఫైలు పాడయిందని కంగారుపడవద్దు. అవి 'త' మొదలైన అక్షరాల బైట్లే. కోర్ విభాగంలోని 'కోట్‌పాత్' అమరికను 'ఫాల్స్' అని మార్చితే పేరు తిరిగి తెలుగులోనే కనిపిస్తుంది.