పాత గుఱ్ఱం, కొత్త రౌతు

మొన్న పొలసర వెళ్ళినప్పుడు మిత్రులొకరి ఇంటి పంచలో రాజ్‌దూత్ 350 కనిపించింది. తండ్రి కొన్న బండిని కొడుకు బాగుచేయించాడు. "దీన్ని ఎంతవరకు తోలవచ్చు, బాబాయిగారూ?" అని మమ్మల్ని అడిగాడు. ఆదివారం తప్తపాని ఘాటీకి పోతానన్నాడు. తల్లి గుమ్మంలో నిలబడి వింటూనే వున్నది.

మేము అతనికి చెప్పినది పాఠకులకూ మనవి చేస్తున్నాము. జపాను యమహా నమూనాతో ఎస్కార్ట్స్ వారు 1983లో విడుదల చేసిన బండి ఇది. రెండు సిలిండర్లు, 347 సి.సి., ఆరు గేర్లు. ఇంజను పరుగుకే పుట్టినది. నూనె సరిగా అందుతుంటే గట్టిగా తోలినా తట్టుకుంటుంది. కాని జపాను బండికి ముందు డిస్కు బ్రేకు వుండగా, ఇక్కడ డ్రమ్ము బ్రేకు పెట్టారు. దిగుడు దారిలో పదేపదే పట్టితే అది వేడెక్కి పట్టు సడలుతుంది. టూ స్ట్రోకు ఇంజను గనుక ఏక్సిలేటరు వదిలినా బండిని పెద్దగా నిలవరించదు. కనుక ఆపగలిగినంత వరకే తోలవచ్చు.

తరువాత టైరు పక్కనున్న నాలుగంకెలు చూడమన్నాము. మొదటి రెండూ వారం, తక్కినవి సంవత్సరం. 1109 అని వున్నది. అంటే 2009 మార్చి. గాళ్ళు నిండుగానే వున్నాయి. రబ్బరు మాత్రం ఎండిన తోలువలె బిగిసిపోయింది.

అబ్బాయి మారు మాట్లాడలేదు. వాళ్ళమ్మగారు మాకు రెండోసారి కాఫీ తెచ్చి యిచ్చారు.

ఆ ఆదివారం అతడు ఘాటీకి పోలేదట. టైర్లకోసం బరంపురం వెళ్ళాడు, బస్సులో.