కొత్త ఫొటో పెట్టినా... పాత ముఖమే!

పరీక్ష దరఖాస్తుకు ఈరోజే ఆఖరు. ఫొటో మసకగా ఉందని గుడిహత్నూరు వైపు పల్లె నుంచి ఓ అమ్మాయి ఇచ్చోడలోని నెట్ సెంటర్‌కి వచ్చిందనుకోండి. కొత్త ఫొటో ఎక్కించారు. అప్‌లోడ్ అయిందనీ వచ్చింది. తీరా చూస్తే తెర మీద పాత ఫొటోనే! మళ్లీ ఎక్కించారు. మళ్లీ అదే. ఇలాంటప్పుడు కంగారుపడి, ఇంకోసారి ఫీజు కట్టి కొత్త దరఖాస్తు పెట్టేవాళ్లూ ఉంటారు. ఆగండి! ఫొటో నిజంగానే మారి ఉండొచ్చు. కనిపిస్తున్నది బ్రౌజర్ దాచుకున్న పాత కాపీ కావచ్చు.

ఈ క్యాష్ డబ్బు కాదు

ఒకసారి చూసిన బొమ్మను మళ్లీ మళ్లీ దించుకోకుండా బ్రౌజర్ కంప్యూటర్‌లోనే దాచుకుంటుంది. దాన్నే క్యాష్ అంటారు. నెట్ నెమ్మదిగా ఉండే ఊళ్లలో ఇదో వరం. పేజీ త్వరగా తెరుచుకుంటుంది, డేటా మిగులుతుంది.

ఆ కాపీ ఎన్నాళ్లు చెల్లుతుంది? బొమ్మతోపాటు సర్వర్ పంపే 'హెడర్'లో ఉంటుంది. పాల ప్యాకెట్ మీద తేదీలాగన్నమాట. 'మాక్స్-ఏజ్=31536000' అంటే అన్ని సెకన్లు... లెక్కేస్తే సరిగ్గా 365 రోజులు. అప్పటిదాకా బ్రౌజర్ సర్వర్‌ని అడగకుండానే పాతది చూపించొచ్చు. గడువేమీ రాయకపోతే? బ్రౌజరే అంచనా వేస్తుంది. ఫొటో చివరిసారి మారి 100 రోజులైతే, అందులో పదోవంతు, అంటే 10 రోజులు చెల్లుతుందనుకోవడం మామూలు.

తప్పు ఎక్కడుంది?

* కంట్రోల్, ఎఫ్5 కలిపి నొక్కండి. కొత్తది వస్తే దోషం క్యాష్‌దే.
* అదే పేజీని ప్రైవేట్ విండోలోనో, మరో ఫోన్‌లోనో తెరవండి. అక్కడ కొత్తది కనిపిస్తే నిశ్చింతగా ఉండొచ్చు.
* అన్నిచోట్లా పాతదే వస్తోందా? ఫొటో ఎక్కి ఉండకపోవచ్చు. లేదా మధ్యలోని మరో సర్వర్ పాత కాపీ పంచుతూ ఉండొచ్చు. ఎఫ్12 నొక్కి, 'నెట్‌వర్క్'లో ఆ బొమ్మను ఎంచుకుంటే హెడర్లు కనిపిస్తాయి. 'ఏజ్' దగ్గర పెద్ద అంకె ఉంటే రెండోదే కారణం కావచ్చు.

సైటు నడిపేవారికి

ఫొటో మార్చినప్పుడల్లా ఫైలు పేరూ మార్చడం తేలికైన మందు. కొత్త పేరుకు పాత కాపీ ఉండదు కదా! పేరు మార్చడం కుదరకపోతే 'నో-క్యాష్' పెట్టాలి. పేరు చూసి దాచొద్దని అర్థమనుకుంటారు. కాదు... 'దాచుకో, కానీ వాడేముందు నన్నడుగు' అని. బొమ్మ మారకపోతే సర్వర్ 304 అనే చిన్న జవాబుతో సరిపెడుతుంది. బొమ్మంతా మళ్లీ పంపదు.

అసలు దాచొద్దని చెప్పే మాట 'నో-స్టోర్'. 1999 నాటి హెచ్‌టీటీపీ 1.1 నిబంధనల్లోనే ఇది ఉంది. 2022 జూన్‌లో వెలువడిన ఆర్ఎఫ్‌సీ 9111లోనూ కొనసాగింది. ఆధార్, సర్టిఫికెట్ల బొమ్మలకు ఉండాల్సింది ఇదే. లేకపోతే పదిమంది కూర్చునే కంప్యూటర్‌లో మీ కాగితాల కాపీ మిగిలిపోవచ్చు. అందుకే నెట్ సెంటర్‌లో ప్రైవేట్ విండోనే అడిగి తెరిపించుకోండి. పని అయ్యాక దాన్ని మూసి మరీ లేవండి!